ఫెడరల్ కోర్టు సమన్లు అందితే: జవాబు, గడువు లెక్క

అమెరికా ఫెడరల్ కోర్టులో మీ మీద సివిల్ దావా పడి, సమన్లతో పాటు ఫిర్యాదు ప్రతి అందితే జవాబు దాఖలుకు 21 రోజులు. అందిన రోజును లెక్కించొద్దు. మధ్యలో వచ్చే శని, ఆదివారాలు మాత్రం లెక్కలోకే వస్తాయి. చివరి రోజు సెలవైతే తర్వాతి పనిదినం దాకా గడువు ఉంటుంది.

జవాబులో ప్రతి ఆరోపణకూ ఒప్పుకుంటున్నారో, కాదంటున్నారో, తెలియదంటున్నారో రాయాలి. తెలియదంటే కాదన్నట్టే లెక్క. ఏమీ అనకుండా వదిలేస్తే, నష్టపరిహారం మొత్తం తప్ప, ఒప్పుకున్నట్టే.

అసలు చిక్కు వేరే ఉంది. ‘నా మీద ఈ కోర్టుకు అధికారం లేదు’, ‘సమన్లు సరిగా అందజేయలేదు’ లాంటి అభ్యంతరాలను జవాబుకు ముందే మోషన్ (కోర్టును ఫలానా ఉత్తర్వు ఇమ్మని కోరే అర్జీ) వేస్తే అందులోనే కలపాలి, లేదంటే జవాబులో రాయాలి. అప్పుడు మరిచిపోతే తర్వాత చెల్లవు. ఆ తరహా కేసు వినే అధికారమే ఫెడరల్ కోర్టుకు లేదన్న వాదన మాత్రం ఎప్పుడైనా ఎత్తొచ్చు.