నార్వే వలస పూర్వీకుల జాడ వెదికే ముందు జాగ్రత్తలు

ఇంటిపేరును నమ్ముకుని వెదకడం మొదలుపెట్టవద్దు. 1923 నాటి పేర్ల చట్టానికి ముందు నార్వే పల్లెల్లో చాలామందికి తరతరాలకూ నిలిచే ఇంటిపేరు లేదు. ఓలే కొడుకు హాన్స్ ‘హాన్స్ ఓల్సెన్’ అయితే, హాన్స్ కూతురి పేరు చివర ‘హాన్స్‌దత్తర్’ వచ్చేది, పైగా కాపురమున్న కమతం పేరు కూడా దానికి చేరి, కమతం మారితే అదీ మారిపోయేది. అందుకే పుట్టిన తేదీ, చర్చి పారిష్ (ఆ చర్చి పరిధిలోని ప్రాంతం), కమతం పేరు, ఈ మూడూ ముందే కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

నార్వే 1865 జనాభా లెక్కల్లో పుట్టిన సంవత్సరం కాక వయసు ఉంటుంది కనుక, ఒకటి రెండేళ్ల తేడాకే మనిషిని కొట్టివేయవద్దు.

అమెరికాకు వలస వెళ్లినవారిలో చాలామంది ఇంగ్లండ్‌లోని హల్ రేవులో దిగి, రైలులో లివర్‌పూల్ చేరి, అక్కడ అమెరికా ఓడ ఎక్కారు కాబట్టి, ప్రయాణికుల జాబితాలో లివర్‌పూల్ కనిపిస్తే పక్కన పెట్టవద్దు.

1890 అమెరికా జనాభా లెక్కలు 1921 అగ్నిప్రమాదంలో చాలావరకు పాడైపోయాయి. 1900 లెక్కలకే వెళ్లండి.