సిగరెట్ మానడం – 3వ పాఠం: మీ చీటీ ఏం చెబుతోంది?

పోయిన పాఠంలో చెప్పిన చీటీ వారం రోజులు రాశారు కదా. కాల్చిన ప్రతి సిగరెట్టుకీ టైము, చోటు, పక్కన ఎవరున్నారు, ఎందుకు కాల్చాలనిపించింది. అది చేతిలో ఉంటేనే ముందుకు చదవండి. గుర్తు తెచ్చుకుని రాద్దామంటే కుదరదు. మనం చెప్పుకునే కారణం వేరు, చీటీలో కనబడే కారణం వేరు.

ముందు 'ఎందుకు' అన్న గడిని చేత్తో మూసేసి టైము మాత్రం చూడండి. నిద్ర లేచాక మొదటి సిగరెట్ ఎంతసేపటికి వెలిగింది? నికోటిన్ ఎంత అలవాటైందో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలోనూ ఈ ప్రశ్న ఉంది. అయిదు నిమిషాల్లోపే అయితే దానికి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు. అరగంటలోపు వెలిగించేవాళ్లు ఆ సిగరెట్ పక్కన 'ఒళ్లు' అని రాసుకోండి. రాత్రంతా నికోటిన్ లేక ఒళ్లు అడిగింది, మీరు ఇచ్చారు. అక్కడ మనసుకి పెద్దగా పనిలేదు.

తర్వాత సిగరెట్టుకీ సిగరెట్టుకీ మధ్య ఎంత ఎడం ఉందో చూడండి. రక్తంలోని నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. పడేకొద్దీ చిరాకు, కుదురులేనితనం మొదలవుతాయి.

ఇప్పుడు చెయ్యి తీయండి. చాలామంది గడుల్లో ఒకటే మాట ఉంటుంది: టెన్షన్. ఈ పాఠంలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే.

అల్లూరు వైపు రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా ఉండే మనిషిని తీసుకోండి. పన్నెండింటికి కరెంటు పోయింది, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగాయి, జనరేటర్ వెంటనే అందుకోలేదు. ఆ సిగరెట్ పక్కన టెన్షన్ అని రాస్తే ఒప్పుకోవాల్సిందే. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పంటే పోతుంది. కానీ రెండింటికి ఏరేటర్లు బాగానే తిరుగుతున్నాయి, అప్పుడూ టెన్షనేనట. నాలుగింటికీ టెన్షనే. పక్క గుంట మీద సిగరెట్ అలవాటు లేని కాపలాదారుడు ఉన్నాడు, అదే రాత్రి, అవే రొయ్యలు. ఆ రెండింటికి, నాలుగింటికి అతనికి ఆ టెన్షన్ లేదు. అంటే ఆ రెండూ గుంట తెచ్చిన టెన్షన్లు కావు, ముందు కాల్చిన సిగరెట్ తెచ్చినవి. అవీ 'ఒళ్లు' కిందికే వస్తాయి. మీ చీటీలోనూ ఇలాగే అడగండి: సిగరెట్ అలవాటు లేని మనిషి అక్కడ, ఆ నిమిషంలో ఉంటే అతనికీ టెన్షన్ వచ్చేదా?

మిగతావి తేలిక. కొండపి వైపు బ్యారన్‌లో (పొగాకును వేడికి ఆరబెట్టే కొట్టంలో) ఆకు కాలుతుంటే రాత్రిళ్లు మంట చూస్తూ మేలుకునేవాళ్లు కాల్చేది నిద్ర ఆపుకోవడానికి. దానికి 'నిద్ర' అని రాయండి. (పొగాకు పండించే ఊళ్లో ఉండి సిగరెట్ మానతావా అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. తడి ఆకు కొట్టేటప్పుడు దాని రసం చేతులకు అంటి వాంతులైనవాళ్లకి ఆ ఆకు సంగతి తెలుసు.) బంకు దగ్గర "రా అన్నా, టీ తాగుదాం" అనగానే వెలిగేది 'తోడు'. అన్నం తిన్నాక ఒక్కటి, అదంటేనే ఇష్టం అనేవాళ్లది 'ఇష్టం'. దాన్ని ఈ వారం కదపొద్దు. ఎప్పుడు వెలిగించారో కూడా గుర్తులేనిది 'ఊరికే'.

ఈ వారం పని 'ఊరికే' వాటి మీదే. పెట్టె జేబులో ఉంచకండి, బండి డిక్కీలో పడేయండి. అగ్గిపెట్టె ఇంకోచోట పెట్టండి. లేచి వెళ్లి తెచ్చుకోవాలంటే వీటిలో కొన్ని వాటంతటవే పోతాయి. 'తోడు' సిగరెట్టుకి మిత్రుడితో ముందే ఒక మాట అనండి: "అన్నా, టీకి వస్తా, దమ్ము మాత్రం నన్ను అడగొద్దు." బంకు దగ్గరికి వెళ్లాక చెబుదామనుకుంటే నోరు రాదు.

'ఒళ్లు' గుర్తు ఎక్కువున్నవాళ్లు మనసు గట్టి చేసుకుంటే చాలనుకోకండి. నికోటిన్ చూయింగ్ గమ్ మందుల షాపుల్లో దొరుకుతుంది. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి వాడాలి. దాన్ని మామూలు గమ్ములా నమలకూడదు. మెల్లగా నమిలి, చురుక్కుమనగానే బుగ్గకీ చిగుళ్లకీ మధ్య నొక్కి ఉంచాలి. టీ తాగిన పావుగంట దాకా వేసుకోవద్దు. సిగరెట్ పెట్టె మీద ఉండే 1800-11-2356 కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా సలహా ఇస్తారు.

టీ సంగతి ఇంకొకటి. పొగ తాగేవాళ్ల లివర్ కెఫీన్‌ని త్వరగా ఖర్చు చేసేస్తుంది. సిగరెట్ ఆగాక అదే టీ ఒంట్లో ఎక్కువసేపు ఉండి, దడ, నిద్రలేమి తెస్తుంది. జనం దాన్ని సిగరెట్ మానిన బాధ అనుకుంటారు. రోజుకి ఎన్ని టీలో కూడా చీటీలో రాయడం మొదలుపెట్టండి. మానే రోజున సగం తగ్గించాలి.

వచ్చే పాఠంలో తేదీ పెడదాం. అప్పటికి ఒళ్లు, టెన్షన్, నిద్ర, తోడు, ఇష్టం, ఊరికే, ఏది ఎన్నిసార్లో చీటీ కింద లెక్క వేసి ఉంచండి.