పాత డ్రైవ్ విప్పే ముందు 48 అంకెలు రాసుకోండి

కొత్త కంప్యూటర్‌లోకి పాత డ్రైవ్ మారుస్తున్నారా? ముందు బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూడండి. మొన్న మిర్యాలగూడలో మా బావ రైస్ మిల్లు లెక్కలున్న ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌ని కొత్త దాంట్లో బిగించాం. నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడిగింది! తాళంచెవి పాత మదర్‌బోర్డులోని టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ దగ్గరే ఉండిపోయింది మరి. ఇక బావ టెన్షన్ చూడాలి. పాత కంప్యూటర్ ఇంకా అమ్మలేదు కాబట్టి బతికిపోయాం. డ్రైవ్ మళ్లీ అందులోనే పెట్టి, కీని కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్ ఆఫ్ చేశాం. డీక్రిప్షన్ (డేటా తాళం తీయడం) పూర్తయ్యేదాకా ఆగాలి, తొందరపడొద్దు.

విండోస్ మాత్రం కొత్త డ్రైవ్‌లో ఫ్రెష్‌గా వేసుకోవడమే మేలు. వేసేటప్పుడు పాత డ్రైవ్ కేబుల్ తీసేయండి, పొరపాటున దాన్నే ఫార్మాట్ కొట్టే ప్రమాదం ఉండదు.