చిన్న ఆన్‌లైన్ దుకాణానికి తక్కువ ఖర్చుతో గిరాకీ

ప్రకటనలకు డబ్బు పెట్టే ముందు ఒక పని చేయండి. మీ సైటు ఎప్పుడూ చూడని మనిషి చేతికి ఫోన్ ఇచ్చి, ఏదైనా ఒక వస్తువు ఆర్డరు పెట్టమనండి. పక్కనే కూర్చోండి, కానీ ఒక్క మాట కూడా సాయం చేయొద్దు. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ వెనక్కి వెళ్లారో రాసుకోండి. సాధారణంగా బయటపడేవి ఇవే: డెలివరీ చార్జీ చివరి పేజీ దాకా కనబడదు, ఖాతా తెరవందే కొననివ్వదు, వస్తువు కొలతలు ఎక్కడా ఉండవు, నచ్చకపోతే వాపసు ఎలాగో తెలియదు. ఇవి సరిచేయకుండా ఎంతమందిని రప్పించినా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

డెలివరీ చార్జీని ధర పక్కనే రాయండి. ఉచిత డెలివరీ ఇవ్వదలిస్తే, దాని హద్దును మీ సగటు ఆర్డరు విలువకు 20-30 శాతం పైన పెట్టండి. అప్పుడు కొనేవాళ్లు ఇంకో వస్తువు కలుపుకుంటారు. హద్దు మరీ ఎత్తులో ఉంటే ఎవరూ ప్రయత్నించరు, సగటు కన్నా కింద ఉంటే ఆ చార్జీ మీ లాభంలోంచే పోతుంది.

ఫోటోలకు స్టూడియో అక్కర్లేదు. నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బల్ల వేసి, వెలుతురు వస్తువుకు పక్కనుంచి పడేలా పెట్టండి. రెండోవైపు తెల్ల చార్టు నిలబెడితే నీడలు పలచబడతాయి. గదిలో లైట్లు ఆర్పేయండి. పగటి వెలుగు, బల్బు వెలుగు కలిస్తే రంగు మారిపోతుంది, ఆ రంగు తేడా వల్లే సరుకు వాపసు వస్తుంది. ఒక్కో వస్తువుకు కనీసం ఐదు ఫోటోలు కావాలి: ముందు, వెనుక, దగ్గరగా కనిపించే పనితనం, చేతిలో పట్టుకున్నది, వాడుతున్నది. చేతిలో పట్టుకున్న ఫోటో లేకపోతే సైజు ఎవరికీ అంచనాకు రాదు. ఎక్కించే ముందు వెబ్‌పీ (ఫోటో సైజును బాగా తగ్గించే) ఫార్మాట్‌లోకి మార్చి, ఒక్కోటి 200 కేబీ లోపు ఉండేలా కుదించండి. ఫోన్ తీసిన ఫోటోను ఉన్నదున్నట్టు పెడితే పేజీ తెరుచుకునేలోపే జనం వెళ్లిపోతారు.

ఇక పేర్లు. ‘నీలి సొగసు’ అని పేరు పెడితే వెతికేవాళ్లకు దొరకదు. ‘కాటన్ భుజం సంచి, ముదురు నీలం, 15 అంగుళాల ల్యాప్‌టాప్ పడుతుంది’ అంటే దొరుకుతుంది. దేనితో చేసింది, వస్తువేమిటి, రంగు, కొలత, ఈ వరసలో రాయండి. ముచ్చటైన పేరుంటే చివర పెట్టుకోండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైటు నమోదు చేసుకుంటే, ఏ మాటలతో వెతికినప్పుడు మీ పేజీలు కనబడ్డాయో ఉచితంగా చూపిస్తుంది. ఎక్కువసార్లు కనబడి, తక్కువ క్లిక్కులు వచ్చిన పేజీల పేర్లు, వివరణలు ముందుగా తిరగరాయండి. చిన్న దుకాణానికి ఇంతకన్నా గిట్టుబాటయ్యే పని ఇంకోటి లేదు.

గూగుల్ మర్చంట్ సెంటర్‌లో సరుకు జాబితా ఎక్కిస్తే, పైసా కట్టకుండానే షాపింగ్ ఫలితాల్లో కనిపించే వీలుంది. పేరు 150 అక్షరాలు దాటకూడదు, ముఖ్యమైన మాటలు మొదటి 70లో ఉండాలి. జాబితాలోని ధర, సైటులోని ధర ఒకటి కాకపోతే ఆ వస్తువును తిరస్కరిస్తారు. ఫోటో మీద వాటర్‌మార్క్, ‘ఆఫర్’ లాంటి రాతలు ఉన్నా అంతే.

కొత్తవాళ్లను వెతకడం కన్నా, ఒకసారి కొన్నవాళ్లకు మళ్లీ అమ్మడం చౌక. వాట్సాప్ బిజినెస్ యాప్ ఇందుకు చాలు, అందులోనే కేటలాగ్ కూడా పెట్టుకోవచ్చు. అయితే చాలామంది దెబ్బతినేది ఇక్కడే: బ్రాడ్‌కాస్ట్ జాబితాలో (ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి పంపే జాబితా) 256 మందికి మించి పట్టరు, పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం అందుతుంది. అందుకని ప్రతి పార్సిల్‌లో క్యూఆర్ కోడ్ ఉన్న చీటీ వేసి, ‘నంబరు సేవ్ చేసుకోండి, కొత్త సరుకు మీకే ముందు చూపిస్తాం’ అని రాయండి. అడగని నంబర్లకు పంపితే వాళ్లు రిపోర్ట్ కొడతారు, మీ నంబరే మూతపడుతుంది. ఈమెయిల్ పంపేట్టయితే సొంత డొమైన్ (మీ సైటు పేరుతో ఉన్న చిరునామా) నుంచి, ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువుచేసే అమరికలు) అమర్చాకే పంపండి. అవి లేని మెయిళ్లు స్పామ్‌లో పడతాయి, లేదా తిరిగొచ్చేస్తాయి.

కార్ట్‌లో వేసి వదిలేసినవాళ్లకు గంట తర్వాత ఒకటి, మర్నాడు ఒకటి, గుర్తుచేసే సందేశాలు రెండే రెండు చాలు. మొదటిదాంట్లో తగ్గింపు ఇవ్వకండి. ఇస్తే కూపన్ కోసం కావాలనే వదిలేయడం జనానికి అలవాటవుతుంది. సరుకు అందిన ఐదారు రోజులకు అభిప్రాయం అడగండి, ఫోటో కూడా కోరండి. మీరే రాసుకున్న పొగడ్తలు మాత్రం వద్దు. జనం పసిగడతారు, చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం కూడా.

చివరిగా ప్రకటనలు. లెక్క చూసుకునే దిగండి: వందమంది వస్తే ఇద్దరు కొంటున్నారు, ఆర్డరుకు 300 రూపాయలు మిగులుతోంది అనుకుంటే, వందమందికి వచ్చేది 600. అంటే ప్రకటన మీద ఒక్కో క్లిక్కుకు మీరు కట్టేది 6 దాటితే నష్టమే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు కుదురుకోవాలంటే ఒక్కో యాడ్ సెట్‌కు (ఒకే బడ్జెట్, ఒకే రకం జనానికి పెట్టిన ప్రకటనల గుంపు) వారంలో 50 దాకా ఫలితాలు, అంటే ఆర్డర్ల లాంటివి, కావాలి. కాబట్టి చిన్న బడ్జెట్‌ను నాలుగైదు సెట్లకు పంచకుండా ఒక్కదానికే పెట్టండి. గత 30 రోజుల్లో సరుకు చూసి కొననివాళ్లతో మొదలుపెట్టండి, ఇప్పటికే కొన్నవాళ్లను ఆ జాబితాలోంచి తీసేయండి.

బయట పెట్టే ప్రతి లింకుకూ యూటీఎం ట్యాగ్ (ఎక్కడి నుంచి వచ్చారో చెప్పేలా లింకు చివర కలిపే గుర్తు) తగిలించండి. ఏ చోటి నుంచి ఎందరు వచ్చారో, ఎన్ని ఆర్డర్లు పడ్డాయో వారానికోసారి ఒక షీటులో రాసుకోండి. లైకులు ఎన్ని వచ్చినా రెండు నెలలు వరసగా ఒక్క ఆర్డరూ తేని చోట పోస్టులు ఆపేసి, ఆ సమయం సరుకు పేర్లు, ఫోటోలు సరిచేయడానికి పెట్టండి.