మళ్లీ చేయి లేవకముందే: ఇంట్లో ప్రమాదం ఎంతుందో అంచనా వేయడం ఎలా

పెద్దమనుషుల పంచాయతీలో తప్పెవరిదన్న వాదన గంటలకొద్దీ నడుస్తుంది. ఈ రాత్రి ఆమె అదే ఇంటికి వెళ్తే ఏమవుతుందని మాత్రం ఒక్కరూ అడగరు. మీ బస్తీలోనో, అపార్ట్‌మెంట్‌లోనో, ఆఫీసులోనో ఒకామె మీ దగ్గరికొచ్చి మొగుడు కొడుతున్నాడని చెప్పుకుంటే అడగాల్సింది అదే.

ముందు ఫోన్ సంగతి తేల్చుకోండి. ఆమె ఫోన్ మొగుడు చూస్తాడో లేదో తెలియకుండా వాట్సాప్‌లో ఏమీ పంపొద్దు. ఎదురుగా కూర్చుని మాట్లాడండి, పక్కన అత్తే కాదు, అమ్మ కూడా ఉండకూడదు.

తర్వాత గడిచిన ఏడాదంతా గుర్తు చేయించండి. అమెరికాలో జాక్విలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు 1986లో తయారుచేసిన డేంజర్ అసెస్‌మెంట్ (ప్రాణానికి ముప్పెంతుందో తేల్చే ప్రశ్నల పట్టిక) కూడా క్యాలెండర్‌తోనే మొదలవుతుంది. తారీఖులు ఎవరికీ గుర్తుండవు కానీ బోనాలకు ముందా, నిమజ్జనం రోజా, పిల్లల పరీక్షలప్పుడా అని అడిగితే వరసగా చెప్పుకొస్తారు. గొడవలు దగ్గర దగ్గరగా అవుతున్నాయా, దెబ్బలు ముదురుతున్నాయా చూడండి. (ఇంట్లో గోడ క్యాలెండర్ మీద మాత్రం గీతలు పెట్టించకండి, పాల లెక్క అనుకోడు.)

ఇక అసలు ప్రశ్నలు. గొంతు పిసికాడా? చంపుతానన్నాడా? కత్తో, యాసిడో, కిరోసినో చూపించాడా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? పడక దగ్గర బలవంతం చేస్తాడా? ఎక్కడికెళ్లినా వెంటపడతాడా? తనే చచ్చిపోతానని బెదిరిస్తాడా? ఈమధ్య పని పోయిందా? ఆమె విడిపోయిందా, విడిపోతానందా? పుట్టింటికి వచ్చేస్తే గండం గడిచిందనుకుంటాం గానీ, ప్రాణానికి ముప్పు బాగా పెరిగేది అప్పుడే.

గొంతు విషయం దగ్గర తొందరపడొద్దు. "ఊరికే పట్టుకున్నాడక్కా" అంటుంది, మెడ మీద మచ్చ కూడా ఉండకపోవచ్చు. గొంతు బొంగురుపోయిందా, మింగితే నొప్పా, కళ్లలో ఎర్రచుక్కలున్నాయా, ఆ క్షణంలో స్పృహ తప్పిందా, మూత్రం పోయిందా అని అడగండి. ఉంటే అదే రోజు గాంధీ ఆసుపత్రికో ఉస్మానియాకో తీసుకెళ్లి ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చేలా డాక్టరు రాసే గాయాల నమోదు) రాయించండి. అంతకుముందు గొంతు పిసికిన చోట హత్య ముప్పు సుమారు 7 రెట్లు ఎక్కువని 2008లో వచ్చిన అమెరికా అధ్యయనం తేల్చింది. అందుకే ఈ ఒక్కదానికి అవునంటే మిగతావన్నీ కాదన్నా పెద్ద ప్రమాదం కిందే లెక్క.

ఆమె భయంగా ఉందంటే నమ్మండి. భయం లేదంటే మాత్రం అడగడం ఆపకండి, రోజూ చూసి చూసి అలవాటైపోయి ఉండొచ్చు.

ప్రమాదం ఎక్కువుంటే ఆ రాత్రికి ఎక్కడుంటుందో ముందు చూడండి. అత్యవసరమైతే 112, సాయానికి 181, లేదంటే హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం, భరోసా కేంద్రం. ఇంట్లోనే ఉండాల్సి వస్తే గొడవ మొదలవగానే వంటింట్లోంచి బయటికి రావాలి, తలుపు దగ్గరుండాలి. పక్కింటామెతో ఒక గుర్తు మాట అనుకోవాలి, "వదినా, తోడు పెరుగుందా?" అంటే వెంటనే 112కి కొట్టమని. ఆధార్, పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు ముందే బయట దాచాలి.

2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ (ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన అధికారి) జరిగిన హింస మీద డొమెస్టిక్ ఇన్సిడెంట్ రిపోర్టు రాయాలి, సేఫ్టీ ప్లాన్‌కు విడిగా ఫారం 5 ఉంది. ఆమె చెప్పిన జవాబులన్నీ వాటిలో ఎక్కించండి. సెక్షన్ 23 కింద అతని వాదన వినకముందే మేజిస్ట్రేటు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వొచ్చు, కాబట్టి కాగితం మీద "వేధిస్తున్నాడు" అని సరిపెట్టకుండా గొంతు పిసికిన రోజు, చేసిన బెదిరింపు ఉన్నదున్నట్టు ఉండాలి. ఉత్తర్వు కాపీ ఉచితం. దాన్ని మీరితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. కోర్టు నోటీసు అతని చేతికి అందే రోజు ఏదో కనుక్కుని, ఆ ముందురోజే ఈ ప్రశ్నలన్నీ మళ్లీ అడగండి.