పీఏ శిక్షణ వదిలి డాక్టర్ చదువుకు వెళ్లాలా?

ముందు మీ అసలు బాధేమిటో తేల్చుకోండి. బ్రిటన్‌లో ఫిజీషియన్ అసోసియేట్ (పీఏ), అంటే డాక్టర్ పర్యవేక్షణలో రోగులను చూసే ఉద్యోగి, మందులు రాయకూడదు, ఎక్స్‌రేకి పంపకూడదు. రోగిని పూర్తిగా చూసి కూడా చీటీ మీద సంతకానికి డాక్టర్ కోసం ఎదురుచూడటమే మిమ్మల్ని తొలుస్తుంటే, మారడం సబబే. పరీక్షల ఒత్తిడే కారణమైతే మాత్రం ఆగండి, డాక్టర్ చదువులో అది ఇంకా ఎక్కువ.

డిగ్రీ ఉన్నవారి కోసం ఉండే ప్రత్యేక మెడిసిన్ కోర్సు 4 ఏళ్లు, ఆపైన డాక్టర్‌గా పనిచేస్తూ పొందే ఫౌండేషన్ శిక్షణ 2 ఏళ్లు. పీఏ చదువుకు మినహాయింపు ఆశించకండి, మొదటి ఏడాది నుంచే మొదలు.

చాలామంది తేదీల దగ్గరే దెబ్బతింటారు. యూకాస్ (యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే సంస్థ) ద్వారా మెడిసిన్‌కు దరఖాస్తు గడువు అక్టోబరు 15. యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష అంతకుముందే రాయాలి, స్కోరు ఆ విడతకే చెల్లుతుంది. మెడిసిన్‌కు నాలుగు కోర్సులకే దరఖాస్తు చేయగలరు. కోర్సు మధ్యలో వదిలినవారిని కొన్ని కాలేజీలు తీసుకోవు; పీఏ కోర్సు వదిలే ముందే అడగండి.