రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయాక చెకప్‌లు, నొప్పులు, మధ్యలో భయం

రేడియేషన్ ఆఖరి రోజున డాక్టర్ గారు "ఇక 3 నెలలకు రండమ్మా" అని ఫైలు చేతికిచ్చారు. అంతే. అన్నాళ్లూ ఏ రోజు ఏం చేయాలో ఎవరో ఒకరు చెబుతూ ఉన్నారు, ఒక్కసారిగా చెప్పేవాళ్లు లేకుండా పోయారు. ఇంటికొస్తే చుట్టాలంతా "గండం గడిచింది, ఇక హాయిగా ఉండు" అంటారు, నాకేమో రాత్రిళ్లు నడుం కాస్త లాగినా ఎముకలకు పాకిందేమోనని గుండె జారిపోయేది. రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ ముగించుకుని ఇప్పుడే ఇల్లు చేరినవాళ్ల కోసం ఇది రాస్తున్నా.

ముందు కాగితాలు సర్దుకోండి. బయాప్సీ రిపోర్టు, గడ్డ కణాల మీద హార్మోన్ రిసెప్టర్లు (హార్మోన్‌ను పట్టుకునే భాగాలు), హెర్-2 (కణాలను పెంచే ఒక ప్రొటీన్) ఎక్కువగా ఉన్నాయో లేవో చెప్పే రిపోర్టు, ఆపరేషన్ వివరాలు, కీమోలో ఏ మందులు ఎన్నిసార్లు ఇచ్చారు, రేడియేషన్ ఎంత ఇచ్చారు. ఇవన్నీ జిరాక్స్ తీయించి, ఫోన్‌లో ఫోటోలు కూడా పెట్టుకోండి. చెన్నైలోనో తిరుపతిలోనో ట్రీట్‌మెంట్ అయినా, అర్ధరాత్రి జ్వరమొస్తే వెళ్లేది ఒంగోలుకో నెల్లూరుకో కదా, అక్కడి డాక్టర్‌కు మీ సంగతి తెలియాలి.

చెకప్ మామూలుగా మొదటి 3 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, తర్వాత 5వ ఏడు దాకా 6 నుంచి 12 నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి. రొమ్ముకు తీసే ఎక్స్‌రే, అదే మామోగ్రామ్, ఏడాదికి ఒకటి, రేడియేషన్ అయ్యాక మొదటిది కనీసం 6 నెలలు ఆగి. చెకప్‌కు రైల్లో వెళ్లేవాళ్లు ఆసుపత్రిలో రైల్వే కన్సెషన్ ఫారం తప్పకుండా అడగండి. స్లీపర్‌లోనూ థర్డ్ ఏసీలోనూ క్యాన్సర్ పేషెంట్‌కు 100 శాతం, తోడు వచ్చేవాళ్లకు 75 శాతం రాయితీ ఉంది, చాలామందికి ఈ సంగతే తెలీదు.

మా తమ్ముడు "అక్కా, ఒళ్లంతా చూసే పెట్ స్కాన్ ఒక్కటి చేయిస్తే మనశ్శాంతిగా ఉంటది గదా, డబ్బులు నేను పెడతా" అన్నాడు. వాడి ప్రేమ నాకు తెలుసు. కానీ ఏ లక్షణమూ లేనప్పుడు పెట్ స్కాన్లు, బోన్ స్కాన్లు, క్యాన్సర్ జాడ వెతికే ట్యూమర్ మార్కర్ రక్తపరీక్షలు ఊరికే చేయించినందువల్ల ఆయుష్షు పెరగదని డాక్టర్లు చెబుతారు, పైగా ఏదో చిన్న మచ్చ కనబడితే అది ఏంటో తేలేదాకా ఇంకో నెల నరకం. లక్షణం ఉంటే మాత్రం ఖర్చు చూసుకుని ఆగొద్దు.

అసలు చిక్కంతా నొప్పుల దగ్గరే. మా కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి కీళ్ల నొప్పులు లేని ఇల్లు తక్కువ. దానికి తోడు లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ లాంటి హార్మోన్ మాత్రలు వేసుకుంటే వేళ్లు, మోకాళ్లు పట్టేస్తాయి. మరి ఏది దేని నొప్పి? నేనేం చేశానంటే, వంటింటి తలుపు వెనక ఉన్న తెలుగు క్యాలెండర్‌లో, తిథి, నక్షత్రం రాసే గడిలోనే పెన్సిల్‌తో "కుడి మోకాలు, పొద్దున" అని రాసుకుంటూ పోయా. మాత్ర వల్ల వచ్చేది ఎక్కువగా రెండు వైపులా ఉంటుంది, పొద్దున లేవగానే బిగుసుకుని నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది. ఒక్కచోటే ఉండి, పడుకున్నా తగ్గక, రాత్రిళ్లు ఎక్కువవుతూ, 2 వారాలు దాటినా పోని నొప్పి అయితే తర్వాతి చెకప్ దాకా ఆగకుండా ఫోన్ చేయండి. తగ్గని దగ్గు, ఆయాసం, కొత్త గడ్డ, ఆపరేషన్ మచ్చ దగ్గర చర్మంలో మార్పు, కారణం లేకుండా బరువు తగ్గడం, విడవని తలనొప్పి, వీటికీ అంతే. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం పట్టు తప్పినా 2 వారాల లెక్క లేదు, అదే రోజు వెళ్లాలి.

హార్మోన్ మాత్ర 5 ఏళ్లు, కొందరికి 10 ఏళ్లు. ఒళ్లంతా ఆవిర్లొస్తున్నాయని చెప్పకుండా మానేసేవాళ్లను చూశాను, దయచేసి అలా చేయొద్దు, డాక్టర్‌కు చెబితే మందు మార్చే దారి ఉంటుంది. టామాక్సిఫెన్ అనే ఇంకో హార్మోన్ మాత్ర వాడుతూ ముట్లుడిగాక రక్తం కనబడినా, ఒక్క కాలే వాచినా వెంటనే చూపించండి. లెట్రోజోల్ రకం వాడేవాళ్లు ఎముకల బలం చూసే డెక్సా స్కాన్ సంగతి అడగండి.

చంకలో గ్రంథులు తీసిన వైపు చెయ్యి జాగ్రత్త. కత్తిపీట దగ్గర తెగినా, దోమ కుట్టి పుండైనా శుభ్రంగా కడిగి మందు రాయండి. చెయ్యి ఎర్రబడి, వేడిగా ఉండి జ్వరమొస్తే అదే రోజు డాక్టర్ దగ్గరకు. అలాగని జన్మంతా బిందె ఎత్తకూడదని కాదు, ఫిజియోథెరపిస్టును అడిగి కొంచెం కొంచెంగా బలం పెంచుకోవచ్చు.

చెకప్‌కు ముందు వారం నిద్ర పట్టదు. నాకు ఇప్పటికీ పట్టదు. ఆ వారం ఇంట్లోవాళ్లకు ముందే చెప్పేస్తాను, "ఈ వారం నన్ను ధైర్యంగా ఉండమనొద్దు, పక్కన కూర్చోండి చాలు" అని. అడగాల్సినవి క్యాలెండర్ చూసి ఒక కాగితం మీద రాసుకుని, డాక్టర్ గదిలోకి అడుగు పెట్టగానే ఆ కాగితం ఆయన చేతికే ఇచ్చేస్తాను, ఎందుకంటే అక్కడ కూర్చున్నాక నాకు మాట రాదు.